చట్టం పునాదులు: తిరుపతి, చిత్తూరు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

లా కోర్సులో చేరబోయేవాళ్లు, పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లు, భూమి తగాదాతో మొదటిసారి వకీలు దగ్గరికి వెళ్లినవాళ్లు అడిగే ప్రశ్నలు ఇవి. పాఠ్యపుస్తకం వరుసను పక్కనపెట్టి, మన ప్రాంతంలో కళ్లెదుట కనిపించే సంగతుల మీదుగా జవాబులు రాశాను. కొన్నిచోట్ల నా అభిప్రాయం కూడా ఉంది, దాన్ని అభిప్రాయంగానే తీసుకోండి. ఎవరి కేసు గురించి వాళ్లు తమ న్యాయవాదిని అడగాల్సిందే.

చట్టం అంటే పోలీసులు, కోర్టులు, శిక్షలేనా?

పోలీసు స్టేషను గడప తొక్కకుండా, కోర్టు ముఖం చూడకుండా బతుకు వెళ్లదీసేవాళ్లు చాలామంది ఉన్నారు. చట్టం లేకుండా మాత్రం వాళ్లకు కూడా ఒక్క పూట గడవదు. స్థలం రిజిస్టరు చేయించుకోవడం, వీలునామా రాయడం, పెళ్లి నమోదు, బ్యాంకులో అప్పు, ఇవన్నీ చట్టం కల్పించిన వీలుతో జరిగే పనులే. వీలునామా సరిగ్గా రాయకపోతే ఎవరూ జైలుకు పంపరు. అది చెల్లదు, అంతే.

తిరుమల కొండకు రెండు ఘాట్ రోడ్లు ఉన్నాయి. 1944లో వేసిన పాతదాన్ని ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోదాన్ని ఎక్కడానికి వాడుతున్నాం. పాత రోడ్డు మీద కొండ ఎక్కడం పాపమేమీ కాదు. రెండో రోడ్డు వచ్చేదాకా ఎక్కడం, దిగడం రెండూ దాని మీదే జరిగాయి. ఇవాళ ఎవరైనా ఎదురు వెళితే మలుపులో ప్రాణాలు పోతాయి. ఇలాంటి నియమాల్లో నీతిని వెతకనక్కర్లేదు. అందరూ ఒకే పద్ధతిలో నడవడమే వాటి విలువ. చట్టంలో చాలా భాగం ఇలాంటిదే అయినా దాన్ని ఎవరూ పొగడరు.

ఇక తగాదాలు కత్తుల దాకా పోకుండా తీర్చడం, బలహీనుడికి రక్షణ ఇవ్వడం అందరికీ తెలిసిన ప్రయోజనాలే. నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్దది అధికారానికి కళ్లెం వేయడం. మామూలు మనిషి తప్పు చేస్తే నష్టం ఒక ఇంటికి, ఒక వీధికి. అధికారంలో ఉన్నవాడు హద్దు మీరితే ఆ నష్టానికి హద్దుండదు. సమాజాన్ని మార్చడం కూడా చట్టం పనేనా అన్నది వివాదాస్పదం. దాని సంగతి ఆడపిల్లల ఆస్తి ప్రశ్న దగ్గర చూద్దాం.

శాసనసభ, పార్లమెంటు చేసినవే చట్టాలా?

కాదు. రాజ్యాంగంలోని 13వ అధికరణం చదవండి. చట్టం అనే మాట కింద అక్కడ ఆర్డినెన్సులు, ఉత్తర్వులు, ఉపవిధులు, నియమాలు, నోటిఫికేషన్లు, చివరికి చట్టబలం ఉన్న ఆచారాలను కూడా చేర్చారు. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రానికి దేశంలోని కోర్టులన్నీ కట్టుబడాలని 141వ అధికరణం చెబుతుంది. కాబట్టి రాజ్యాంగం, దాని కింద శాసనాలు, శాసనాల కింద నియమాలు, నోటిఫికేషన్లు, వాటికి అర్థం చెప్పే తీర్పులు, ఇవేవీ పూడ్చని ఖాళీల్లో ఆచారం, ఇవన్నీ మనకు చట్టానికి మూలాలే.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. గూడూరు, సూళ్లూరుపేట వాసులు నెల్లూరు జిల్లా వదిలి ఇటు వచ్చారు. ఇంత పెద్ద మార్పుకు శాసనసభ కొత్త చట్టమేదీ చేయలేదు. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ఆ అధికారాన్ని ప్రభుత్వానికి ఎప్పుడో అప్పగించింది. దాని ప్రకారం నోటిఫికేషన్లు వెలువడ్డాయి. మన రోజువారీ జీవితాన్ని శాసించేవాటిలో ఎక్కువ భాగం ఇలా కింది స్థాయిలో, చర్చ లేకుండా పుట్టేదే. శాసనసభలో జరిగే గొడవను టీవీలో చూసే మనం గెజిట్ వైపు కన్నెత్తి చూడం.

అయితే జీవో కూడా చట్టమేనా?

ఏ చట్టం ఇచ్చిన అధికారంతో జారీ చేశారో చూడాలి. ఒక శాసనంలోని సెక్షన్ ప్రకారం, ఆ సెక్షన్ గీసిన గీత దాటకుండా వచ్చిన జీవోకు చట్టబలం ఉంటుంది. ఊరికే పరిపాలనా సూచనగా వచ్చిన జీవో అధికారులకు దారి చూపుతుంది కానీ శాసనాన్ని మార్చలేదు. జీవో కాపీ చేతికి వస్తే ముందు పైన ఉన్న పేరాలో ఏ చట్టం, ఏ సెక్షన్ పేర్కొన్నారో వెతకండి. అక్కడ ఏదీ లేకపోతే మీ వకీలుకు పని దొరికినట్టే.

మద్రాసు ప్రభుత్వం నాటి చట్టాలు మనకింకా ఎందుకు వర్తిస్తున్నాయి?

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె వైపు తాలూకాలు కలిపి దాన్ని చేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఇది మద్రాసులో భాగం. కాళహస్తి, కార్వేటినగరం జమీందారీలను మింగేసిన ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో మద్రాసు శాసనసభ చేసిందే. ఇప్పటికీ పాత ఎస్టేటు భూముల దావాల్లో ఆ చట్టం పేరు వినిపిస్తుంది, 'ఆంధ్ర ప్రాంత' అన్న తోక తగిలించుకుని.

ప్రభుత్వం మారినంత మాత్రాన చట్టం చచ్చిపోదన్నది ఇక్కడి సూత్రం. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు కూడా 372వ అధికరణం పాత చట్టాలను, రద్దు చేసేదాకా లేదా మార్చేదాకా, కొనసాగనిచ్చింది. లేకపోతే ఆ రోజు తెల్లవారేసరికి దేశంలో ఆస్తి ఎవరిదో, అప్పు ఎవరిదో చెప్పడానికి నియమమే మిగిలేది కాదు. రాష్ట్రాలను విడదీసిన చట్టాలు కూడా ఇదే పద్ధతి పాటించాయి. 1954 జూలై 5న ఆంధ్ర హైకోర్టు గుంటూరులో మొదలైంది. అంతకు ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులకు తాము కట్టుబడతామని ఆ కోర్టు త్వరలోనే తేల్చింది. అందుకే మన వకీళ్ల బల్లల మీద నేటికీ పాత మద్రాసు రిపోర్టులు కనిపిస్తాయి.

మేనమామతో పెళ్లి చట్టప్రకారం చెల్లుతుందా? ఇంటర్నెట్‌లో చెల్లదని రాశారు.

ఈ ప్రశ్న అడగని సంవత్సరం లేదు. ఇంటర్నెట్‌లో రాసింది సగమే నిజం.

1955 నాటి హిందూ వివాహ చట్టం కొన్ని బంధుత్వాల మధ్య పెళ్లిని నిషేధించింది. ఆ జాబితాలో మేనమామ, మేనకోడలు ఉన్నారు. అన్నాచెల్లెళ్ల పిల్లలు, అంటే మన బావామరదళ్లు కూడా ఉన్నారు. ఆ జాబితాను అక్షరాలా పట్టుకుంటే రాయలసీమలో ఎన్ని పెళ్లిళ్లు రద్దు కావాలో ఊహించుకోండి. అయితే అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. వధూవరులిద్దరికీ వర్తించే ఆచారం ఒప్పుకుంటే ఆ పెళ్లి చెల్లుతుంది. పార్లమెంటు ఇక్కడ ఆచారానికి కావాలనే తలుపు తెరిచి ఉంచింది. దక్షిణాదిలో తరాలుగా నడుస్తున్న మేనరికాలు ఆ తలుపు గుండానే లోపలికి వచ్చాయి.

తాతల నాటి నుంచి ఉందని అనేస్తే చాలదు. చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరున పాటిస్తూ ఉండాలి. అది స్పష్టంగా ఉండాలి. అన్యాయంగానో, ప్రజాహితానికి విరుద్ధంగానో ఉండకూడదు. ఆచారం ఉందని చెప్పేవాళ్లే దాన్ని రుజువు చేయాలి. కులపెద్దలు సాక్ష్యం చెబుతారు, అదే కులంలో జరిగిన పాత పెళ్లిళ్లు చూపిస్తారు. కోర్టులు పదే పదే గుర్తించి స్థిరపడిన ఆచారానికి ప్రతిసారీ కొత్తగా రుజువు అడగవు. ఇద్దరికీ వర్తించాలన్న షరతును మాత్రం చాలామంది పట్టించుకోరు. మేనరికం ఆచారమే లేని ఉత్తరాది కుటుంబం అమ్మాయిని అలాంటి బంధుత్వంలో చేసుకుంటే అబ్బాయి తరఫు ఆచారం ఒక్కటే కాపాడదు. అప్పుడా పెళ్లి మొదటి నుంచే చెల్లనిది అవుతుంది.

ఆచారానికి ఇంత విలువ ఇవ్వడం కొత్త కాదు. రామనాథపురం జమీందారీ దత్తత కేసులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ పాలనలో లండన్‌లో ఉన్న చివరి అప్పీలు కోర్టు) 1868లోనే తేల్చింది: హిందూ ధర్మశాస్త్రంలో రాసి ఉన్న వాక్యం కంటే, స్పష్టంగా రుజువైన వాడుక బరువైనది.

డాక్టర్లు మేనరికం వద్దనడానికి కారణాలు వేరే ఉన్నాయి. వాటిని వినండి. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన పని మంచిదైపోదు.

ఇల్లరికం అల్లుడికి మామ ఆస్తిలో వాటా వస్తుందా?

రెడ్డి, కమ్మ కుటుంబాల్లో కొడుకులు లేని ఇంటికి అల్లుడిని తెచ్చుకుని కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే ఆచారాన్ని మద్రాసు హైకోర్టు 19వ శతాబ్దంలోనే గుర్తించింది. ధర్మశాస్త్ర గ్రంథాల్లో దానికి ఆధారం లేకపోయినా గుర్తించింది. పుట్టింటి ఆస్తిలో అతడి హక్కు పోదని కూడా చెప్పింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వచ్చాక, ఆ చట్టం ఏ విషయాలు చెప్పిందో ఆ విషయాల్లో ఆచారం నిలవదు. ఇవాళ ఇల్లరికం వెళుతున్న అల్లుడు మామ మాట మీద ఆధారపడకుండా దస్తావేజు రాయించుకోవాలి.

ఆచారానికీ చట్టానికీ పడనప్పుడు ఎవరిది పైచేయి?

శాసనానిదే. మనవాళ్లు దీన్ని ఇంగ్లీషువాళ్ల దగ్గర నేర్చుకోలేదు. వివాదానికి ధర్మం, వ్యవహారం, చరిత్రం, రాజశాసనం అని నాలుగు పాదాలున్నాయని, వాటిలో తరువాతిది ముందుదాన్ని తోసిపుచ్చుతుందని నారదస్మృతి చెబుతుంది. అక్కడ చరిత్రం అంటే ఆచారం. దాని తరువాతి మెట్టు రాజశాసనం.

అయినా కాగితం మీద ఉన్నంత సులువుగా ఇది నేల మీద జరగదు. తిరుమల ఆలయాన్నే చూడండి. ఈస్టిండియా కంపెనీ పాలనలో, 1821లో, ఆలయ నిర్వహణకు ఒక నియమావళి తయారైంది. దాన్ని బ్రూస్ కోడ్ అంటారు. అప్పటిదాకా వాడుకలో ఉన్న పద్ధతులకే దాదాపు రాతరూపం ఇచ్చారు. 1843లో కంపెనీ చేతులు కడుక్కుని నిర్వహణను హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. 1930ల ఆరంభంలో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో దేవస్థానం కమిటీ వచ్చింది. ఆచారం నియమావళిగా, నియమావళి శాసనంగా మారడానికి ఒక శతాబ్దం పట్టింది.

అసలు ఢీకొట్టడం ఆ తరువాత వచ్చింది. అర్చకుల మిరాశీ హక్కు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ సిఫార్సుల తరువాత 1987 దేవాదాయ చట్టం ఆ వారసత్వ హక్కును రద్దు చేసింది. తిరుమల అర్చక కుటుంబాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1996లో కోర్టు చట్టాన్ని సమర్థించింది. పూజ ఆగమం ప్రకారం జరగడం మతానికి సంబంధించిన విషయం, ఆ పూజ చేసే మనిషిని నియమించడం లౌకిక విషయం అని విడదీసింది. ఆ గీత అంత తేలికగా గీయగలిగేదేనా అని నాకిప్పటికీ సందేహమే. శాసనసభకు కూడా అనిపించినట్టుంది, 2007 సవరణతో అర్చక కుటుంబాలకు కొంత చోటు మళ్లీ ఇచ్చింది.

చంద్రగిరి దగ్గర రంగంపేటలో సంక్రాంతికి జరిగే పశువుల పండుగ ఇంకో ఉదాహరణ. కొమ్ములకు కట్టిన పలకల కోసం కుర్రాళ్లు పరుగెత్తే ఎద్దుల మీద పడతారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఆధారంగా సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టును నిషేధించింది. తమిళనాడు 2017లో ఆ చట్టాన్ని తన వరకు సవరించుకుని రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంది. కర్ణాటక, మహారాష్ట్ర కూడా సవరణలు చేసుకున్నాయి. 2023 మేలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మూడింటినీ సమర్థించింది. పక్క రాష్ట్రం చేసుకున్న సవరణ సరిహద్దు దాటి రాదు. అదే ఆట, అదే ఎద్దు, కొన్ని మైళ్ల దూరంలో చట్టం వేరు.

గంగజాతర సంగతి ఇంకా విచిత్రం. ఆలయాల్లో జంతువులను, పక్షులను బలి ఇవ్వడాన్ని నిషేధించే చట్టం 1950 నుంచి ఉంది. జాతర రోజుల్లో ఊళ్లు తిరిగితే ఆ చట్టం ఎంతవరకు అమలవుతోందో మీకే తెలుస్తుంది. వాడకపోతే చట్టం దానంతట అది చచ్చిపోతుందన్న సూత్రం మన దగ్గర దాదాపుగా లేదు. అది నిద్రపోతుంది. ఎవరి మీదైనా కోపం వచ్చినప్పుడు లేపుతారు. చట్టాన్ని అందరి మీదా అమలు చేయండి, లేదా రద్దు చేయండి. అవసరానికి తీసే ఆయుధంగా ఉంచుకోవడం మాత్రం అన్నిటికంటే చెడ్డది.

జడ్జి ఇచ్చిన తీర్పు చట్టం ఎలా అవుతుంది? ఆయనను మనం ఎన్నుకోలేదు కదా?

తీర్పులో ఎవరు గెలిచారన్నది ఆ ఇద్దరికే సంబంధించినది. ఏ సూత్రం ఆధారంగా గెలిచారన్నదే మిగతావాళ్లకు చట్టం. మాటవరసకు జడ్జి చెప్పినవి అందులోకి రావు. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చే వాక్యాలు చాలావరకు ఈ రెండో రకమే.

ఎన్నిక గురించిన అభ్యంతరం న్యాయమైనదే. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల గురించి శాసనం లేని రోజుల్లో, 1997లో, విశాఖ కేసులో సుప్రీంకోర్టు తానే మార్గదర్శకాలు రాసింది. పార్లమెంటు చట్టం చేసింది 2013లో. మధ్యలో 16 ఏళ్లు ఆ మార్గదర్శకాలే చట్టం. ఇది కోర్టు హద్దు దాటడమా, శాసనకర్తల నిర్లక్ష్యాన్ని పూడ్చడమా? రెండూ.

రాజ్యాంగాన్నే పార్లమెంటు సవరించగలిగితే అది పునాది ఎలా అవుతుంది?

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు దీనికే జవాబు వెతికారు. ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఇంకోవైపు. సవరించవచ్చు కానీ మౌలిక స్వరూపాన్ని చెరపకూడదన్నది తేలిన మాట. మౌలిక స్వరూపం అనే మాట రాజ్యాంగంలో ఎక్కడా లేదు. తిరుచానూరులో పుట్టి, ఈ ప్రాంతంలో వకీలుగా పనిచేసి, రాజ్యాంగసభలో కూర్చుని, తరువాత లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ తరం రాసిన పుస్తకంలో ఆ మాటను తరువాతి తరం న్యాయమూర్తులు చదువుకున్నారన్నమాట.

హాన్స్ కెల్సెన్ అనే ఆస్ట్రియా పండితుడు దీన్ని తన పద్ధతిలో వివరించాడు. కానిస్టేబుల్ మాట ఎందుకు వినాలి? చట్టం చెప్పింది గనుక. చట్టాన్ని ఎందుకు పాటించాలి? రాజ్యాంగం ప్రకారం చేశారు గనుక. రాజ్యాంగాన్ని ఎందుకు? అక్కడితో ఆగాలి, దాన్ని పాటించాలని అందరూ ముందే అనుకున్నారని ఊహించుకోవాలి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలోకి, సత్యవేడు వైపు గ్రామాలు ఇటు వచ్చాయి. అక్కడి జనం ఆ ఉదయం వేరే రాష్ట్ర ప్రభుత్వం కిందికి వెళ్లారు. వాళ్లను కదిలించిన సైన్యం లేదు. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటు చేసిన ఒక కాగితం ఉంది, దాన్ని అందరూ ఒప్పుకున్నారు.

సహజ న్యాయం, పాజిటివిజం అంటూ చదివే సిద్ధాంతాలు పరీక్షకు తప్ప ఎందుకైనా పనికొస్తాయా?

మనుషులు చేసిన చట్టానికి పైన బుద్ధితో తెలుసుకోగల న్యాయం ఒకటి ఉందని, దానికి విరుద్ధమైనది అసలు చట్టమే కాదని సహజ న్యాయవాదులు అన్నారు. ఇంగ్లండులో బెంథామ్, ఆస్టిన్ దీన్ని కొట్టిపారేశారు. వాళ్ల దారినే పాజిటివిజం అంటారు. సార్వభౌముడి ఆజ్ఞే చట్టమని, అది మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న అని ఆస్టిన్ వాదన. తుపాకీ చూపించి దొంగ ఇచ్చే ఆజ్ఞకూ దీనికీ తేడా ఏమిటని 20వ శతాబ్దంలో హెచ్.ఎల్.ఎ. హార్ట్ నిలదీశాడు. ఏది చట్టమో గుర్తించే నియమం ఒకటుంటుందని, అధికారులు దాన్ని తమను కట్టిపడేసేదిగా ఒప్పుకోవడంలోనే తేడా ఉందని చెప్పాడు. రహస్యంగా ఉంచిన చట్టం, నిన్నటి పనిని ఇవాళ నేరం చేసే చట్టం, ఎవరికీ సాధ్యం కానిది కోరే చట్టం చట్టమనిపించుకోవని అమెరికాలో లాన్ ఫుల్లర్ ఆయనతో వాదించాడు. జర్మనీలో సావిన్యీకి చట్టం జనజీవితంలో పుట్టి పెరిగేది. మేనరికం కథ వింటే ఆయన సంతోషించేవాడు. కోర్టు చివరికి ఏం చేస్తుందో ముందే ఊహించడమే చట్టమని అమెరికా న్యాయమూర్తి హోమ్స్ అన్నాడు. మన కోర్టు వరండాల్లో వకీళ్ల మాటలు వింటే అందరూ ఆయన శిష్యులే అనిపిస్తుంది.

ఎందుకు పనికొస్తాయో 1976 చెబుతుంది. ఎమర్జెన్సీలో అక్రమంగా నిర్బంధించినా కోర్టుకు వెళ్లే హక్కు ఉందా అన్న ప్రశ్నకు, లేదని సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తులు చెప్పారు. రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది, అది రాజ్యాంగబద్ధం, ఇక అంతే అన్నది వాళ్ల తర్కం. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. జీవించే హక్కు రాజ్యాంగం దానంగా ఇచ్చింది కాదని, అది లేని రోజుల్లో కూడా చట్టం అనుమతి లేకుండా మనిషి ప్రాణం తీయడం కుదిరేది కాదని ఆయన వాదన. ఆ మెజారిటీ తీర్పును 2017లో గోప్యత హక్కు కేసులో కోర్టు అధికారికంగా కొట్టివేసింది.

నేను హార్ట్ పక్షమే, ఖన్నాను చదివిన తరువాత కూడా. చెడ్డ చట్టాన్ని చట్టమే కాదనడం కంటే, ఇది చట్టమే, కానీ చెడ్డది అని నిర్భయంగా చెప్పగలగడం మనకు ఎక్కువ ఉపయోగం. అయితే నలుగురు చేసిన తప్పు చట్టాన్ని, నీతిని వేరుగా చూడడం కాదు. చట్టాన్ని ఒక్క ఉత్తర్వులోనే చూసి, దాని వెనుక ఉన్న మిగతా చట్టాన్నంతా మరచిపోవడం.

అన్యాయమైన చట్టాన్ని పాటించాలా?

1922లో అహ్మదాబాదు కోర్టులో గాంధీ నేరం ఒప్పుకుని, గరిష్ఠ శిక్ష వేయమని అడిగారు. న్యాయమూర్తి బ్రూమ్‌ఫీల్డ్ ఆరేళ్లు వేశారు. చట్టాన్ని బహిరంగంగా ఉల్లంఘించి, దాని శిక్షను తలవంచి తీసుకోవడం శాసనోల్లంఘనకు గీటురాయి. నచ్చని చట్టాన్ని దొంగచాటుగా తప్పించుకునేవాళ్లు ఆయన పేరు వాడుకోకూడదు. ఇవాళ 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు, 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లే దారి కూడా ఉంది. ముందు అది తొక్కి చూడండి.

ఎర్రచందనం దొంగలకు కూడా హక్కులేమిటి?

శేషాచలం కొండల కింద ఉండేవాళ్లు కోపంతో అడిగే ప్రశ్న ఇది. ఆ కోపం నాకర్థమవుతుంది. ఈ కొండల చుట్టుపక్కల తప్ప మరెక్కడా సహజంగా పెరగని చెట్టు అది.

జీవించే హక్కు ఇచ్చిన 21వ అధికరణం పౌరుడు అనలేదు, ఏ వ్యక్తీ అంది. మంచి వ్యక్తి అని కూడా అనలేదు. చట్టం నిర్ణయించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ తీయకూడదు. ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని 1978 మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు చేర్చింది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. అంతకు ముందు ఏడాదే సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాలపై 16 మార్గదర్శకాలు ఇచ్చి ఉంది: ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి, సీఐడీ లేదా వేరే స్టేషను పోలీసులు దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి.

అటవీ చట్టాన్ని 2016లో సవరించి ఎర్రచందనం నేరాలకు శిక్షలు పెంచారు. శాసనసభ చేయగలిగింది అదే, చేసింది. నేరం రుజువయ్యేదాకా శిక్ష వేసే అధికారం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. దొంగ ఎవరో తేల్చేది విచారణే. దాన్ని దాటేస్తే, రేపు కట్టెలకు వెళ్లిన మన మనిషిని దొంగ కాదని ఎవరి ముందు రుజువు చేస్తాం?

ఆడపిల్లలకు ఆస్తి హక్కు ఇచ్చినా ఎవరూ అడగడం లేదు. చట్టం సమాజాన్ని నిజంగా మార్చగలదా?

ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్ ఢిల్లీ కంటే ముందుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇస్తూ మన రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు మాత్రం వర్తించలేదు. పార్లమెంటు అదే హక్కును, పెళ్లి అయినా కాకపోయినా, దేశమంతటా ఇచ్చింది 2005 సెప్టెంబరు 9న. ఆ రోజుకు తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది.

నేల మీద ఏం జరుగుతోంది? పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా అంటారు. అన్నదమ్ములు అమ్ముకునే రోజున చెల్లెలిని రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. చీర, భోజనం పెట్టి పంపిస్తారు. చట్టం ఓడిపోయిందని దీన్ని చూసి చాలామంది అంటారు. నేను అలా అనుకోను. నలభై ఏళ్ల కింద ఆ సంతకం ఎవరికీ అవసరం లేదు. ఇవాళ ఆమె సంతకం లేకుండా కొనేవాడు ముందుకు రాడు. పెట్టను అనే అవకాశం ఆమె చేతిలో ఉంది. కొందరు పెట్టడం లేదు కూడా. వాళ్ల దావాలతోనే సివిల్ కోర్టుల్లో పార్టిషన్ (ఆస్తి పంపకం) కేసులు పెరుగుతున్నాయని వకీళ్లు చెప్పుకుంటారు.

చట్టం తెలియదంటే కోర్టు ఒప్పుకుంటుందా? అవి తెలుగులో కూడా ఉండవు కదా?

ఒప్పుకోదు. రెండో మాటలో మీ ఫిర్యాదు న్యాయమైనదే. 348వ అధికరణం ప్రకారం చట్టాల ప్రామాణిక పాఠం ఇంగ్లీషులోనే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చినా కోర్టు భాష పెద్దగా మారలేదు. 13వ శతాబ్దంలోనే కేతన కవి మితాక్షర అనే సంస్కృత ధర్మశాస్త్ర గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అర్థం కాని భాషలో చట్టం పెట్టి, తెలియకపోవడం నీ తప్పు అనడం ఫుల్లర్ చెప్పిన రహస్య చట్టానికి చాలా దగ్గర.

ఐపీసీ పోయింది కదా, పాత కేసుల సంగతి ఏమిటి?

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది. పని చేసిన రోజున నేరం కానిదాన్ని తరువాత నేరంగా మార్చి శిక్షించడాన్ని, అప్పుడున్న శిక్ష కంటే ఎక్కువ వేయడాన్ని 20వ అధికరణం ఒప్పుకోదు.

వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేదు. ఏం చేయాలి?

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవాళ్లు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు. వెళ్లలేనివాళ్లు 15100కు ఫోను చేయవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. కాబట్టి సంతకం పెట్టే ముందు కాగితం మొత్తం చదివించుకుని వినండి.